జవాబు చెప్పాక ప్రశ్న మారిస్తే

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఆడవాళ్లు రోజంతా ఏయే పనులు చేస్తున్నారో తెలుసుకుందామని ఆమధ్య ఒక గూగుల్ ఫారం తయారుచేశాను. వాట్సాప్‌లో తెలిసినవాళ్లకి పంపితే వాళ్లు ఇంకొందరికి పంపారు. పేర్లు, ఫోన్ నెంబర్లు అడగలేదు. డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో రాసినందుకు ఏ ఇంట్లోనూ గొడవ రాకూడదు కదా.

"మీరేం పని చేస్తారు?" అన్న ప్రశ్న కింద నాలుగు గడులు పెట్టాను: ఉద్యోగం, వ్యాపారం, కూలిపని, గృహిణి. రేపల్లె దగ్గర్నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా కౌలు చేలో పనికి నాకు కూలెవరిస్తారమ్మా? గేదెల పని ఉద్యోగమా, వ్యాపారమా? ఏదోటి నొక్కందే ముందుకి పోనివ్వట్లేదు. గృహిణని నొక్కా" అంది.

సిగ్గేసింది. ఆ రాత్రే ప్రశ్నని "డబ్బు వచ్చినా రాకపోయినా మీరు చేసే పని ఏమిటి?" అని మార్చి, కౌలు చేను, పాడి, కుట్టుపని గడులు చేర్చాను.

తెల్లారి జవాబుల షీటు తెరిస్తే పైన నా కొత్త ప్రశ్న, కింద వరసగా పాత జవాబులు. గృహిణి, గృహిణి, గృహిణి. డబ్బు రాని పని కూడా చెప్పమన్నా వీళ్లకి చెప్పుకోవడానికి ఏమీ లేనట్టుంది. ఆ ప్రశ్న వాళ్లనెవరూ అడగలేదు.

అదే ఫారంలో జిల్లా కూడా సరిచేశాను. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. ఊరి పేరు చూసి దిద్దుకోవచ్చు, ఎవరి మాటా మారదు. పని సంగతి అలా కాదు. జవాబుల్లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు కదా అని నన్ను నేను సమర్థించుకోబోయాను. ప్రశ్న మారాక జవాబు అలాగే ఉండిపోవడమే ఇక్కడి అబద్ధం. పెళ్లిచూపుల్లో "వంట వచ్చా?" అంటే వచ్చని చెప్పిన పిల్ల, ఆ ఒక్క మాటతో జీవితాంతం వండటానికి ఒప్పుకున్నట్టు లెక్క. ఎవరూ ఆమె జవాబు మార్చలేదు.

ప్రశ్నలు మార్చకూడదని కాదు. 1991 జనాభా లెక్కల్లో పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనిని కూడా కలిపి అడిగారు. స్త్రీవాద ఆర్థికవేత్తలు దానికోసం పోట్లాడారు. అయితే ఆ మార్పు కొత్త లెక్కకి ముందు జరిగింది, 1981 జవాబులు 1981 ప్రశ్న కిందే ఉన్నాయి. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే, మీ పనేమిటనకుండా, ముందురోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి అరగంట అరగంటకీ ఏం చేశారని అడిగింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అడిగే తీరుని బట్టి ఇంత పని బయటపడుతుంది.

ఇంకోటి కూడా ఆలస్యంగా గమనించాను. ఫారం తయారుచేసినవాళ్లు ప్రశ్నని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జవాబు పంపినవాళ్లు మార్చుకోవాలంటే మనం ఆ వీలు తెరిచిపెట్టాలి, అది మామూలుగా మూసే ఉంటుంది. నేను తెరవలేదు.

పాత ప్రశ్నని మళ్లీ దాని చోట పెట్టి ఆ ఫారం ఆపేశాను. కొత్తది వేరుగా చేశాను. పాతవి చెరిపేయమంది బాపట్ల స్నేహితురాలు. నిజంగానే గృహిణినని చెప్పుకోవాలనుకున్నవాళ్లూ అందులో ఉండొచ్చు, నేనెలా చెరపను? రేపల్లె ఆవిడ ఫోన్ చేసింది కాబట్టి మళ్లీ అడిగాను. మిగతావాళ్లెవరో తెలీదు. వాళ్ల క్షేమం కోసం పేరు అడగకపోవడమే, వాళ్లని మళ్లీ అడగకుండా చేసింది. అవే గ్రూపుల్లో కొత్త లింకు పెట్టి, ముందు రాసినవాళ్లు కూడా ఇష్టమైతే మళ్లీ రాయండని, ప్రశ్న ఎందుకు మారిందో రెండు ముక్కలు చెప్పాను. జవాబులు వస్తున్నాయి. వాటిలో పాతవాళ్లెవరో, కొత్తవాళ్లెవరో పోల్చుకోలేకపోతున్నాను.