తనఖా కాగితం కూడా అమానతే



నమాజులో నిలబడినప్పుడు వరుస సరిగా ఉందో లేదో కుడిఎడమలు చూసుకుంటాం. అప్పులిచ్చినవారి హక్కులకూ ఒక వరుస ఉంది. దాన్ని చెదరగొట్టడం ఎంతటి పాపమో మనలో చాలామంది ఆలోచించరు.

ఒక ఇంటిని ఒకరి దగ్గర తనఖా పెట్టి, ఆ సంగతి దాచి, అదే ఇంటిమీద మరొకరి దగ్గర అప్పు తీసుకునేవారు మన మధ్యనే ఉన్నారు. అసలు పత్రాలు పోయాయని చెప్పి నకళ్లు తీయించి ఆస్తినే అమ్మేసేవారూ ఉన్నారు. మొదట అప్పిచ్చినవాడు కూతురి పెళ్లికి దాచుకున్న సొమ్ము ఇచ్చి ఉండవచ్చు. అతని నమ్మకాన్ని వమ్ము చేసి, అదే నోటితో దుఆ చేస్తే ఏం లాభం?

రుణ వ్యవహారాన్ని రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని అల్‌ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. ప్రయాణంలో లేఖకుడు దొరకనప్పుడు తాకట్టు వస్తువును స్వాధీనంలో ఉంచుకోవాలని 283వ ఆయతు చెబుతోంది. నమ్మి అప్పగించిన దాన్ని తిరిగి చెల్లించాలని, అల్లాహ్‌కు భయపడాలని, సాక్ష్యాన్ని దాచకూడదని కూడా అందులోనే ఉంది. మొదటి తనఖాను దాచడమంటే సాక్ష్యాన్ని దాచడం కాదా?

హామీ అడిగితే మనకు అవమానమనిపిస్తుంది. కాని దైవప్రవక్త (స) ఒక యూదుని దగ్గర బార్లీ అప్పుగా తీసుకుని తన ఇనుప కవచాన్ని తాకట్టు పెట్టారు. ఆయన పరమపదించేనాటికి 30 సాల బార్లీకి ఆ కవచం తాకట్టులోనే ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ‘అమీన్’ అని పేరుపొందిన ఆయనే హామీ ఇచ్చారు. మరి మనమెందుకు నొచ్చుకోవాలి?

షరీఅత్ ప్రకారం, అప్పిచ్చినవాని అనుమతి లేకుండా తాకట్టు ఆస్తిని అమ్మే హక్కు రుణగ్రస్తునికి లేదు. అమ్మకం జరిగితే ఆ ధరలోంచి మొదట తాకట్టుదారుని బాకీ తీరాలి. మిగిలినదే ఇతర రుణదాతలకు వెళ్లాలి. మన దేశంలోని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా ముందు ఏర్పడిన హక్కుకే ముందు స్థానమిచ్చింది. అయితే మొదటి తనఖాదారుడు ఘోరమైన అజాగ్రత్తతో మరొకరు మోసపోయి అప్పివ్వడానికి కారణమైతే, అతని హక్కు వెనక్కు పోతుందని అదే చట్టం హెచ్చరిస్తోంది.

కనుక అప్పిచ్చేవారు సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయం నుండి ఇ.సి. తీసి చూడాలి. రిజిస్టరు కాకుండా పత్రాలు మాత్రమే అప్పగించి చేసిన తనఖా ఇ.సి.లో కనబడదు. అందుకే అసలు పత్రాలు అడిగి తీసుకోవాలి, తనఖాను రిజిస్టరు చేయించాలి, బాకీ తీరేవరకు ఆ పత్రాలు చేయి దాటనివ్వకూడదు. ఇది అనుమానించడం కాదు, ఖుర్‌ఆన్ నేర్పిన జాగ్రత్త.

అప్పిచ్చినవారికీ హద్దులున్నాయి. గడువు దాటగానే ఇల్లు తనదైపోదు. దాన్ని అమ్మి, బాకీ తీసుకుని, మిగతా సొమ్ము యజమానికి ఇచ్చేయాలి. అప్పిచ్చి, అది తీరేదాకా అద్దె లేకుండా ఆ ఇంట్లోనే కాపురముండే షరతు మన పట్టణాల్లో వాడుకలో ఉంది. అప్పుమీద షరతుగా పొందే ఏ లాభమైనా వడ్డీయేనని ధర్మవేత్తలు హెచ్చరించారు. రుణగ్రస్తుడు నిజంగా ఇబ్బందుల్లో ఉంటే గడువివ్వమని, మాఫీ చేస్తే మరింత మేలని అల్లాహ్ 280వ ఆయతులో బోధించాడు.

అమరవీరుని పాపాలన్నీ క్షమించబడతాయి, అప్పు తప్ప అని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆస్తి పంపకానికి ముందే అప్పు తీర్చాలని అన్‌ నిసా సూరా ఆదేశం. కాబట్టి ఈ రాత్రే ఇంటి కాగితాలు తీసి చూద్దాం. వాటిమీద ఎవరి హక్కు ఉందో రాసి భార్యాపిల్లలకు చెబుదాం. రేపు మన జనాజా దగ్గర మన బిడ్డలు ఇద్దరు అప్పులవాళ్ల మధ్య తలవంచుకుని నిలబడే దుస్థితి రాకూడదు.

అల్లాహ్ మనందరినీ అప్పు భారం నుండి, అమానతు ద్రోహం నుండి కాపాడుగాక! ఆమీన్.