అర్జునుడు అడగని ప్రశ్న

కురుక్షేత్రంలో 13వ రోజు. పొద్దంతా సంశప్తకులతో పోరాడి, పొద్దువాలాక అర్జునుడు శిబిరానికి మళ్లాడు. గెలిచే వస్తున్నాడు. అయినా గొంతు పూడుకుపోతోంది, ఒంట్లో పట్టు తప్పుతోంది, ఎటు చూసినా అపశకునాలే. అన్నగారు, మంత్రులు క్షేమంగా ఉన్నారా అని సారథిని అడిగాడు. వాళ్లు క్షేమమే, దిగులుపడకు, మరేదో కొద్దిపాటి అనిష్టం జరిగి ఉంటుందన్నాడు కృష్ణుడు.

ద్రోణపర్వంలో ఈ రెండు మాటల దగ్గర నాకు ఎప్పుడూ అడుగు ముందుకు పడదు. అర్జునుడు అడిగింది అన్న గురించి. ఆ పగలే వ్యూహంలో చిక్కి చనిపోయిన కొడుకు అభిమన్యుడి పేరు ఎత్తలేదు. ఎత్తితే భయం నిజమైపోతుందేమోనన్న జంకు ఏ తండ్రికైనా ఉంటుంది. కృష్ణుడు అడిగినంతకే బదులిచ్చాడు. అది దాపరికం కాదని నా నమ్మకం. కొడుకును చూస్తానన్న ఆశ మీద ఆ తండ్రి ఇంకా కొంత దూరం రావాలి, రానిచ్చాడు. ఇద్దరూ సంధ్యోపాసన చేసుకుని, ఆనాటి యుద్ధం గురించి మాట్లాడుకుంటూ మళ్లీ బయల్దేరారు.

అసలు ఆ కొడుకు ఆ తండ్రికి దక్కింది ఎంతకాలం? పాండవులు అడవికి వెళ్లినప్పుడు సుభద్రనూ పసివాడినీ కృష్ణుడు ద్వారకకు తీసుకెళ్లాడు. వనవాసం 12 ఏళ్లు, అజ్ఞాతం మరో ఏడాది. అక్కడ అస్త్రవిద్య నేర్పింది ప్రద్యుమ్నుడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పాండవులు తెరమీదకే రారు. అభిమన్యుడి బాల్యంలో తండ్రి స్థానం నిజంగా అంతే. ఆదిపర్వం అతనికి చెప్పిన ఆయుష్షు 16 ఏళ్లు. ఉపప్లావ్యంలో ఉత్తరతో పెళ్లి జరిగే నాటికే అందులో చాలా భాగం గడిచిపోయింది. యుద్ధం వచ్చాక మాత్రం సాయంత్రాలు సోదరులతో కలిసి నవ్వుతూ తండ్రికి ఎదురొచ్చేవాడు.

ఇలాంటి తండ్రులు ఇవాళా ఉన్నారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో కొడుకును మిలిటరీకి పంపినవాళ్లుంటారు. రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు. తండ్రికేమో చాలాచోట్ల రెండేళ్ల కాంట్రాక్టు అయితేగానీ టికెట్ రాదు. కొడుకు ఇంటికొచ్చిన నెల తండ్రి లేబర్ క్యాంపులో, తండ్రి దిగిన నెల కొడుకు సరిహద్దులో. ఆ తండ్రి ఇంటికి ఫోన్ చేసి పొలం సంగతి అడుగుతాడు, బర్రె ఈనిందా అంటాడు. పెట్టేసే ముందు గానీ ‘పిలగాడు ఫోన్ జేసిండా’ అనడు. ముందే అడగకపోవడం ప్రేమ తక్కువై కాదు.

అర్జునుడి శిబిరంలో ఆ రాత్రి వెలుగు లేదు. శంఖం ఊదలేదు, భేరి మోగలేదు, వందిమాగధుల స్తోత్రం వినిపించలేదు. యోధులు అతణ్ని చూసి తల వంచుకు తప్పుకున్నారు. అప్పటికిగానీ కొడుకు మాట నోటికి రాలేదు. సుభద్ర కొడుకు ఇవాళ నాకు ఎదురు రాలేదేమిటన్నాడు. వ్యూహంలోకి దూరడం నేర్పాను, బయటపడడం నేర్పలేదే అని తలచుకుని కుమిలిపోయాడు. సుభద్రకు, ద్రౌపదికి ఏం చెప్పనని ఏడ్చాడు.

గీత విన్నవాడు ఏడవకూడదనే వాళ్లతో నేను ఏకీభవించను. గీత చెప్పినవాడే పక్కన ఉన్నాడు. వెన్ను చూపని వీరుల దారి ఇదేనని ఓదార్చాడే తప్ప, నేను చెప్పిందంతా ఏమైందని నిలదీయలేదు. తర్వాత అర్జునుడు, నీ చెల్లెల్ని, కోడల్ని నువ్వే వెళ్లి ఓదార్చమని కృష్ణుణ్ని కోరాడు. భార్య ముందుకు తాను వెళ్లలేని భర్త, ఆ బరువును ఆయన మీద పెట్టాడు. కృష్ణుడు వెళ్లాడు. కేశవుడు అండగా ఉండి కూడా నా బిడ్డ దిక్కులేనివాడిలా ఎలా పోయాడని సుభద్ర ఆయన ఎదుటే విలపించింది. ఆ ప్రశ్నకు తర్వాతివాళ్లు అల్లిన జవాబులేవీ నాకు రుచించవు. ఆమె అలా అడుగుతున్నంతసేపూ కృష్ణుడు అక్కడే ఉన్నాడు. నేను నమ్ముకున్నది ఆ కృష్ణుణ్నే.