జోరు తగ్గిన నాడు

రమజాన్ నెల మొదటి పది రోజుల్లో ఇషా నమాజుకు మన మసీదుల్లో చోటు దొరకదు. తిరుపతి అయినా, చిత్తూరు అయినా, పలమనేరు, మదనపల్లె అయినా ఇదే తీరు. వరండాలో, మెట్ల మీద కూడా చాపలు పరచాల్సి వస్తుంది. షవ్వాల్ నెల మూడో వారానికల్లా అదే మసీదులో ఫజ్ర్‌కు ఒక వరుస నిండితే గొప్ప. ఇది చూసి పెద్దల్లో కొందరు నిట్టూరుస్తారు, కొందరు ఎత్తిపొడుస్తారు. ‘రమజాన్ ముసల్మానులు’ అనే మాట ఏదో ఒక మూల వినబడుతూనే ఉంటుంది. మమ్మల్ని ఆలోచింపజేసేది ఆ మాట అనేవారి సంగతి కాదు, ఆ మాట పడేవారి సంగతి.

“హజరత్, నెల రోజులు చేయగలిగినవాణ్ణి ఇప్పుడెందుకు చేయలేకపోతున్నాను? అప్పుడు నేను చేసిందంతా నటనేనా?” అని అడిగే యువకులు ప్రతి ఏటా మా వద్దకు వస్తారు. ఇది ఆరాధనకు మాత్రమే పరిమితమైన బాధ కాదు. పోటీ పరీక్షకు చదివే విద్యార్థి వారం రోజులు రాత్రి రెండు గంటల దాకా చదువుతాడు, ఎనిమిదో రోజు పుస్తకం తెరవబుద్ధి కాదు. కొట్టు పెట్టుకున్న సోదరుడు జనవరిలో కొత్త లెక్కల పుస్తకం కొని అట్ట కూడా వేస్తాడు. ఫిబ్రవరి నుంచి కాగితాలన్నీ తెల్లగానే ఉంటాయి. ఇలా జోరు తగ్గినప్పుడు మనిషి తనపై తానే తీర్పు చెప్పుకుంటాడు: ‘నేను ఇంతే, నాలో చిత్తశుద్ధి లేదు.’ ఆ తీర్పు తర్వాత మిగిలిన కొద్దిపాటి పని కూడా వదిలేస్తాడు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది. జోరు తగ్గడం వల్ల పోయింది కొంత, తీర్పు వల్ల పోయింది మొత్తం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. దైవప్రవక్త (సఅసం) లేఖకులలో ఒకరైన హజ్రత్ హంజలా (రజి) ఒకనాడు తాను కపటిగా మారిపోయానంటూ కుమిలిపోయారు. దైవప్రవక్త (సఅసం) సన్నిధిలో ఉన్నంతసేపు స్వర్గనరకాలు కళ్లెదుట ఉన్నట్టే అనిపిస్తాయి, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డల్లో, జీవనోపాధిలో పడగానే చాలా మట్టుకు మరచిపోతున్నాము అన్నది ఆయన బాధ. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయన్ని ఓదార్చలేదు, తన పరిస్థితీ అదేనన్నారు! ఇద్దరూ కలిసి దైవప్రవక్త (సఅసం) వద్దకు వెళ్లారు. మీరు నా దగ్గర ఉన్న స్థితిలోనే ఎల్లప్పుడూ ఉండగలిగితే దైవదూతలు మీ పడకల మీద, మీ దారుల్లో మీతో కరచాలనం చేసేవారని ఆయన సెలవిచ్చి, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా అన్న భావం గల మాటను మూడుసార్లు చెప్పారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మేము చదివిన ప్రతిసారీ ఒక విషయం గమనిస్తాం. ఆ ఇద్దరిలో ఎవరినీ ఆయన మందలించలేదు. మనసు ఎప్పుడూ ఒకే ఎత్తున నిలవడం దైవదూతల లక్షణమే గాని మనిషి లక్షణం కాదని తేల్చిచెప్పారు.

మన చిత్తూరు సీమ రైతుకు ఈ మాట వేరే దారిలో తెలుసు. బేనీషా మామిడి ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది పలచబడుతుంది. కాపు బాగా పట్టిన ఏడు చెట్టు తన నిల్వంతా కాయకే పెడుతుంది, కొత్త చిగురు వేయదు. ముదిరిన రెమ్మకే పూత వస్తుంది గనుక ఆ చిగురు లేని చెట్టుకు మరుసటి ఏడు పూసే శక్తి ఉండదు. తోతాపురి, నీలం రకాలు దీనికి భిన్నం. అవి దాదాపు ప్రతి ఏటా ఒక మాదిరిగా కాస్తాయి. అంటే ఒకే నేలలో, ఒకే వానకు రెండు స్వభావాల చెట్లున్నాయి. మనుషుల్లోనూ అంతే. ఒకరిని చూపి ఇంకొకరిని ‘ఆయన్ను చూసి నేర్చుకో’ అని గద్దించే ముందు కాస్త ఆలోచించాలి.

కాపు లేని ఏడు కూడా కాయించాలని చెట్టు మొదట్లో కల్టార్ మందు పోస్తారు. పూత వస్తుంది కూడా. కాని మోతాదు మించితే రెమ్మలు గిడసబారిపోతాయి. తోటను ఏడాదికి గుత్తకు పట్టినవాడికి ఆ బెంగ ఉండదు, ఈ ఏటి కాయ దించుకుని వెళ్లిపోతాడు. చెట్టు తనదైనవాడే పదేళ్ల తర్వాతి సంగతి ఆలోచిస్తాడు. మన దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. దాన్ని గుత్త తోటలా వాడుకునే హక్కు మనకు లేదు. టీ మీద టీ తాగి, నిద్ర చంపుకుని, ఉపన్యాసాల క్యాసెట్లు, ఇప్పుడైతే ఫోనులో వీడియోలు విని తెచ్చుకునే ఉత్సాహం చాలాసార్లు ఆ మందు లాంటిదే. మస్జిదె నబవీలో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి ఉండటం చూసి దైవప్రవక్త (సఅసం) అదేమిటని అడిగారు. హజ్రత్ జైనబ్ (రజి) నమాజులో అలసిపోయినప్పుడు దాన్ని పట్టుకుంటారని తెలిసి, విప్పేయమన్నారు. చురుకుదనం ఉన్నంతసేపు నమాజ్ చేయాలని, అలసిపోతే కూర్చోవాలని బోధించారు. తాడు కట్టుకున్నది మంచి పనికే. అయినా విప్పించారు.

జోరు తగ్గడానికి కారణం ఎప్పుడూ మనసే కాదు. రక్తం తక్కువైన తల్లి, థైరాయిడ్ ఉన్న సోదరి, షుగర్ ఉందని తెలియని నలభై ఏళ్ల సోదరుడు - వీరికి కావలసింది ఉపదేశం కాదు, రక్త పరీక్ష. దిగులు నెలల తరబడి వదలకపోతే అదీ జబ్బే, దానికీ వైద్యం ఉంది. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది. చూపించుకోవడానికి సిగ్గుపడకూడదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) స్వయంగా ఆదేశించారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు శానటోరియం నడిచింది. స్ట్రెప్టోమైసిన్ రాక ముందు ఆ కాలపు శానటోరియంలలో ముఖ్యమైన మందు విశ్రాంతి. రోగి నెలల పాటు మంచం మీద ఉండాలి, ఆ తర్వాత కొలిచి కొలిచి నడక పెంచాలి. అలా పడుకున్నవాణ్ణి సోమరి అని ఎవరూ అనలేదు. రోగి గాని, ప్రయాణికుడు గాని తాను ఆరోగ్యంగా, ఇంటిపట్టున ఉన్నప్పుడు చేసే సత్కార్యాలన్నీ అతని ఖాతాలో రాయబడుతూనే ఉంటాయని బుఖారీ హదీసులో ఉంది. అలవాటు ఉన్నవాడికే ఈ భాగ్యం. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో చేసిందేమీ లేకపోతే రాయడానికి ఏముంటుంది?

మరో కారణం ఉంది, అది లోతైనది. ఇమామ్ గజాలీ (రహ్మ) బాగ్దాదు నిజామియాలో ఆనాటి ముస్లిం ప్రపంచంలోనే పేరుమోసిన గురువు. 1095లో ఆయన నాలుక మొరాయించింది. పాఠం చెప్పబోతే మాట రాలేదు, అన్నం దిగలేదు, వైద్యులు చేతులెత్తేశారు. తన బోధన వెనుక కీర్తికాంక్ష ఉందని ఆయన తన మనసును తరచి చూసుకుని గుర్తించారు. పదవి వదిలి బాగ్దాదు విడిచిపెట్టారు. పదేళ్లు దాటాక, 1106లో నిషాపూరులో మళ్లీ పాఠం చెప్పారు. కొన్నిసార్లు మనసు పని చేయనని మొరాయించడం కూడా ఒక సూచనే. ‘ఎవరి కోసం చేస్తున్నావు?’ అని అది అడుగుతోంది. నలుగురి మెప్పు కోసం మొదలైన పని, నలుగురూ చూడటం మానేయగానే బరువెక్కుతుంది. అలాంటిచోట కావలసింది ఇంకాస్త ఉత్సాహం కాదు, నియ్యత్‌ను సరిచేసుకోవడం.

ఇంత చెప్పాక ఒకరు లేచి, ‘అయితే సోమరితనం అనేదే లేదన్నమాట’ అనవచ్చు. ఉంది. దైవప్రవక్త (సఅసం) అశక్తత నుండి, సోమరితనం నుండి అల్లాహ్ శరణు వేడేవారు. రెండింటినీ వేర్వేరుగా పేర్కొన్నారు, గమనించండి. చేయలేకపోవడం వేరు, చేయగలిగీ చేయకపోవడం వేరు. తేడా కనిపెట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఇషాకు కాళ్లు లాగేస్తున్నాయన్నవాడు రాత్రి ఒంటి గంట దాకా క్రికెట్టు చూడగలిగితే, ఆ కాళ్ల నొప్పికి వైద్యుడి అవసరం లేదు.

ఇక అసలు మాటకు వద్దాం. ప్రతి పనికీ ఒక ఉరవడి ఉంటుందని, ప్రతి ఉరవడికీ ఒక తగ్గుదల ఉంటుందని, ఆ తగ్గుదలలో ఎవరు నా సున్నత్ వద్ద నిలుస్తారో వారు మార్గం పొందారని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్టు హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఉల్లేఖించారు. ముస్నద్ అహ్మద్‌లో ఈ హదీసు ఉంది. తగ్గుదల వస్తుందా రాదా అన్న చర్చే ఇందులో లేదు. వస్తుంది. ఎక్కడి దాకా తగ్గుతావు అన్నదే ప్రశ్న. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఎంత నీరు వచ్చిందన్న లెక్క ఆ నాలుగు రోజులకే. పొలాన్ని బతికించేది మాత్రం కట్ట ఆపి ఉంచిన నీరు, తూము గుండా కొద్దికొద్దిగా వదిలిన నీరు. రమజాన్‌లో వచ్చే వరదకు సంతోషిద్దాం, కాని దానికి కట్ట వేసుకున్నామా?

హిఫ్జ్ చేసే పిల్లల పద్ధతి చూడండి. రోజూ కొత్త సబఖ్ ఉంటుంది, ఈ మధ్య చదివిన పాఠం వినిపించాలి, పాతదాన్ని తిరిగి చదవాలి. జ్వరం వచ్చిన రోజు కొత్త సబఖ్ ఆపేస్తారు, పాతది మాత్రం కొంతైనా వింటారు. కొత్తది ఆగితే ఒక రోజు ఆలస్యం, పాతది ఆగితే వారాల కష్టం పోతుంది. కట్టు విప్పిన ఒంటె కంటే వేగంగా ఖుర్ఆన్ తప్పించుకుపోతుందని హదీసు హెచ్చరిక. మనమూ అలాగే రెండు లెక్కలు పెట్టుకోవాలి. ఒకటి ఒంట్లో శక్తి ఉన్న రోజుది, రెండవది ఎంత దిగజారినా వదలనిది. ఈ రెండవది ఎంత చిన్నదైతే అంత మంచిది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజనులో రాత్రి షిఫ్టు చేసి వచ్చే చెల్లెమ్మకు ఫర్జ్ నమాజులు, ఖుర్ఆన్ ఒక్క పేజీ చాలు. సీజను అయిపోయాక ఆమె పెంచుకుంటుంది. ముజ్జమ్మిల్ సూరా చివర రాత్రి నమాజును తేలిక చేసినప్పుడు రోగులను, జీవనోపాధి కోసం ప్రయాణించేవారిని అల్లాహ్ పేరుపేరునా తలచుకున్నాడు. ఆ తలపు ఈ చెల్లెమ్మకూ వర్తిస్తుందని మా నమ్మకం.

ఉరవడిలో ఉన్నవారికి కూడా ఒక మాట. నలభై రోజులు బయట తిరిగి వచ్చిన సోదరుడు మొదటి వారమే ఇల్లంతా సంస్కరించాలని చూస్తాడు. టీవీ అటక ఎక్కుతుంది, పిల్లలు తహజ్జుద్‌కు లేవాలి, భార్య వంటలో కూడా తప్పులు దొరుకుతాయి. నాలుగో వారానికి ఆయన జోరు తగ్గుతుంది. టీవీ దిగుతుంది. పిల్లలు మాత్రం ఒక పాఠం నేర్చుకుంటారు: అబ్బా మాట నాలుగు వారాలే. తన ఉత్సాహపు భారాన్ని ఇంట్లో వారి నెత్తిన పెట్టకుండా ఉండటం కూడా తఖ్వాలో భాగమే.

పైన హదీసు చెప్పిన అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజ్ అని పట్టుబట్టారు. నెలకు మూడు ఉపవాసాలు చాలని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. తనకు శక్తి ఉందని ఆయన మళ్లీ మళ్లీ అడిగి, చివరికి రోజు విడిచి రోజు ఉపవాసానికి అనుమతి పొందారు. రాత్రి నమాజ్ మొదలుపెట్టి వదిలేసిన ఫలానా మనిషిలా కావద్దన్న హితవు కూడా ఆయనకే దక్కింది. ముసలితనం వచ్చాక, దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన సడలింపును అప్పుడే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన అనేవారు. అయినా వదలలేదు. ఒంట్లో సత్తువ లేనప్పుడు కొన్ని రోజులు వరుసగా ఉపవాసం మానేవారు, ఎన్ని మానారో లెక్క పెట్టుకునేవారు, తేరుకున్నాక అన్నీ తిరిగి ఉండేవారు.