ఒల్లమనుటకు గుండె కావలెను

జూలై నెల వచ్చెనన్న మన తెలుగు సంఘములలో ఒక అంకె ప్రసంగవేదిక నెక్కక మానదు. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీటిలో, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరనునదే ఆ అంకె. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని నీటిలో నిలిచి ఆ కార్యమును నెరవేర్చిరి. ఈ సంగతి చెప్పువారి కంఠమున పొంగు ఉత్సాహమును నేను తప్పుపట్టను గాని, దానికి వెనుకనున్న కథను విడిచి అంకెను మాత్రమే వినిపించుటను తప్పుపట్టక తీరదు.

1876 మొదలు దక్షిణదేశమును కాల్చివేసిన ఆ కరవులో, బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు వేలకొలది క్షుధార్తులకు కూలి చూపిరి. బోధకులే మేస్త్రీలైరి. పగలెల్ల పార పట్టినవారు విశ్రాంతివేళ వాక్యము వినిరి. విని, మాకును బాప్తిస్మమిండని అడిగిరి. ఆయన ఇయ్యలేదు. ఒక నెల గాదు, రెండు నెలలు గాదు, ఏడాదికి పైగా ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో కడుపు నిండిన పిమ్మటగాని తేలదని ఆయన యెఱుగును. గుమ్మమునొద్ద వేలమంది నిలిచియుండగా ‘ఇప్పుడు కాదు’ అనగల గుండె, కుర్చీలు లెక్కించి ఆత్మల లెక్క ప్రకటించు నేటి కూటముల నిర్వాహకులలో ఎందరికి కలదు?

అయినను ఆయన ధైర్యమును మించిన ధైర్యము మరియొకటి ఉన్నది. దానిని మనము దాదాపు మరచితిమి. కరవునకు పూర్వమే, యోగమార్గమున సత్యమును వెదకి వెదకి కడకు క్రీస్తును చేరిన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు మొదలుగా, ఆ ప్రాంతపు మాదిగపల్లెలలోని తొలి విశ్వాసులు మూడు మాటలు పట్టుకొనిరి: ఆదివారము పని చేయము, చచ్చిన పశువు మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము. పట్టణమున కూర్చుండి చదువువారికి ఇవి చిన్న నియమములుగా తోచవచ్చును. వెట్టి నడచు పల్లెలో, కబురు వచ్చినంతనే పరుగెత్తవలసినవాడు ‘నేడు ఆదివారము, రాను’ అనుట ఊరి పెద్దలందరిని ఒక్కమాటగా కాదనుటయే. జాతరలో డప్పు ‘కొట్టము’ అనుట అంతకంటె పెద్ద నేరము. ఊరు ఊరకుండలేదు. చాకలిని వారి బట్టలు ముట్టవలదనిరి, కుమ్మరిని వారికి కుండలు అమ్మవలదనిరి, వారి పశువులను బీటినుండి తోలివేసిరి. చెప్పులు కుట్టు పని ఇయ్యక, కోతలకు పిలువక, సంవత్సరపు గింజలు దక్కకుండ చేసిరి. వారికి చదువు లేదు, వెనుక నిలుచు బలగము లేదు. వాక్యము వినిపించువాడు ఎప్పుడో ఒకసారి వచ్చిన వచ్చెను, లేకున్న లేదు. అట్టివారు ‘ఒల్లము’ అనిరి.

వారి మునిమనుమలమైన మనము దేనిని ఒల్లమనుచున్నాము? కారు అద్దముపై వాక్యము, తెల్లవారకముందే పదిమంది ఫోనులకు పంపు వచనము, నిద్రపోవు వీధిని లేపు మైకు, వీనిని సాక్ష్యమనుకొని తృప్తి చెందుచున్నాము. వీనిలో ఒక్కదానివలనైనను మనకు గింజ నష్టము లేదు. పెండ్లి సంబంధము మాటలాడునపుడు ప్రార్థనతో మొదలిడి కట్నముతో ముగింతుము. ఆ నడుమ ‘మీరు ఏ క్రైస్తవులండీ?’ అను ప్రశ్న యొకటి మెల్లగా వచ్చును. అది ఏ మిషను అని అడుగుట కాదని అడుగువారికిని తెలియును, వినువారికిని తెలియును. బాప్తిస్మమునకు దిగునపుడు కులమును విడిచిన బట్టలతోపాటు గట్టుమీద జాగ్రత్తగా ఉంచి, పైకి వచ్చి మరల తొడుగుకొంటిమో యేమో!

బైబిలులో, దూరా మైదానమున రాజు నిలిపిన ప్రతిమకు అందరును మ్రొక్కవలెనని వాద్యములు మ్రోగినప్పటి కథ ఆదివారపు బడి పిల్లలకును వచ్చును గనుక మరల చెప్పను. ఆ ముగ్గురు యువకులు రాజును తిట్టలేదు, గుంపును కూడగట్టలేదు. అందరు వంగినప్పుడు తాము వంగలేదు, అంతే. దేవుడు మమ్ము రక్షించునని చెప్పినవారు, రక్షింపకున్నను నీ ప్రతిమకు మ్రొక్కమని కూడ చెప్పిరి. ఆ ‘రక్షింపకున్నను’ దగ్గర నా చదువు ప్రతిసారియు ఆగిపోవును. మన ప్రార్థనలలో ఆ మాట ఎక్కడను కానరాదు. ఉద్యోగము వచ్చునను నిశ్చయము, వీసా వచ్చునను నిశ్చయము, అంతవరకే మన విశ్వాసపు వీరత్వము.

ఇంతయు వ్రాసి శుక్రవారపు రాత్రిలోగా పత్రికకు పంపవలసినవాడను, నా సంగతి దాచి పంపుట న్యాయము కాదు. పోయిన ఏడు ఒక కచేరీకి, నాకు న్యాయముగా రావలసిన కాగితము కొరకు నాలుగుమార్లు తిరిగితిని. అయిదవమారు గుమాస్తా తలయెత్తకయే తన వంతు సంగతి సూచించెను. ‘ఇయ్యను’ అనినను నాకు చాకలి మానడు, కుమ్మరి మానడు, కోతగింజలు పోవు. మరియొక పదిమార్లు తిరుగవలసివచ్చును, ఇంతే కదా. సంచిలో క్రొత్త నిబంధన పుస్తకముండెను; దాని క్రిందనుండియే నోట్లు తీసి యిచ్చితిని. లెక్క చూచుకొనుచు అతడు ఆ పుస్తకమును గమనించి, ‘మీరు ప్రభువును నమ్మినవారా అయ్యగారూ? మా పిల్లవానికి ఒంట్లో బాగుండుటలేదు, కొంచెము ప్రార్థన చేయండి’ అనెను. తప్పక చేసెదనని చెప్పి, కాగితము మడిచి ఆ పుస్తకములోనే పెట్టుకొని బయటికి వచ్చితిని.