కూడబలుక్కునే చదువు

మా మనవరాలు మూడో తరగతి. గుణింతాలన్నీ వచ్చు. పుస్తకం చేతికిస్తే మాత్రం గతుకుల రోడ్డు మీద ఎడ్లబండిలా కూడబలుక్కుంటూ చదువుతుంది. ఓ ఆదివారం చుట్టాలొస్తే "ఏదీ, ఓ పేజీ చదివి వినిపించవే" అన్నాను. మీరూ ఎప్పుడో అనే ఉంటారు, అనలేదనకండి! "రాష్ట్రం" దగ్గర ఆగింది. అందించాను. ఇంకో మాట దగ్గరా అందించాను. నాలుగోసారికి పుస్తకం మూసేసి లోపలికి వెళ్ళిపోయింది.

"నేను చదివేలోపే నువ్వు చదివేస్తావు అమ్మమ్మా" అంది రాత్రి. నాకు నిద్రపట్టలేదు. దిద్దింది దానికోసమా, చుట్టాల ముందు నా పరువుకోసమా?

చూడండి, "రాష్ట్రం"లో ష కింద ట వత్తు, ర వత్తు, పక్కన సున్నా. పసివాళ్ళ దృష్టంతా వాటిని కూడదీసుకోడానికే సరిపోతే, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు. ఇక అర్థమెక్కడ? 1979లో అమెరికాలో శామ్యూల్స్ అనే ఆయన, 50 నుంచి 200 మాటలున్న చిన్న భాగాన్నే ధారాళంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదివించమని రాశారు. సరళీవరసలు చెప్పే మన సంగీతం మాష్టార్లకి ఇదేం కొత్త!

అంచేత రోజూ సాయంత్రం ఒకటే చిన్న కథ. ముందు నేను, తర్వాత ఇద్దరం, ఆపైన తనొక్కతే. తను తలెత్తి చూస్తే తప్ప నేను నోరు విప్పకూడదు. అదే నాకు కష్టమైంది!

నాలుగు రోజులకి గడగడా చదివేసింది. "భేష్" అన్నాను. మా అమ్మాయి పకపకా నవ్వింది. "అది పుస్తకం చూడ్డమే లేదమ్మా, అప్పజెబుతోంది. భేష్ అని నువ్వు దాన్ని మోసం చేస్తున్నావు."

నిజమే కదా, అబద్ధపు మెచ్చుకోలు పిల్లకి మేలా? అలాగని నిజం చెప్పి ఉన్న ఉత్సాహం కాస్తా చంపేదా? రెండు రోజులు గింజుకుని, చివరికి చెప్పేశాను. "ఇది నీకు కంఠతా వచ్చేసిందే, చదవడం కాదు."

"నాకు తెలుసు. కానీ ఇలా అంటూంటే చదవడం వచ్చినవాళ్ళలా ఉంటుంది" అంది.

ఏం జవాబు చెప్పను? అవే మాటలున్న ఇంకో కథ ఇచ్చి, మాట కింద వేలు పెట్టమన్నాను. "రాష్ట్రం" ఆగకుండా దాటింది. వేరే చోట ఆగిందనుకోండి.

మొన్న చుట్టాలు మళ్ళీ వచ్చారు. పుస్తకం తనే తెచ్చింది. మధ్యలో ఓ మాట దగ్గర ఆగిపోయింది. పక్కనున్నావిడ అందించబోతే కళ్ళతోనే వారించాను. పిల్ల తలెత్తలేదు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మూడు కాయలయ్యాక ఆ మాట వచ్చింది.