ప్రమాణం ఎవరిది?

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో నేను పల్లీలు అడుగుతాను. గుంటూరు వారు వేరుసెనగ గుళ్ళంటారు. అనంతపురం వారు సెనక్కాయలంటారు. అమ్మే ఆమె అందరికీ తూచి ఇస్తుంది. భాష బతికేది ఈ సర్దుబాటులోనే.

కృత్రిమ మేధ పద్ధతి వేరు. రాతలో ఎక్కువగా కనిపించిన మాటల తీరువైపే అది మొగ్గుతుంది. రాతకెక్కని మాట దానికి లేనట్టే. మరి రాతకెక్కింది ఎవరి మాట? గిడుగు రామమూర్తి 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి వ్యావహారికం కోసం పోరాడాడు. వ్యావహారికం గెలిచింది, కాని ప్రమాణమై కూర్చున్నది కోస్తా శిష్టుల మాట. తెలంగాణ మాట చాలాకాలం సినిమాల్లో నవ్వులాటకే మిగిలింది. ఆ పాత అన్యాయాన్నే నేడు యంత్రం సగటు పేరుతో స్థిరపరుస్తున్నది.

యంత్రాన్ని ద్వేషించడం అభ్యుదయం కాదు. అచ్చుయంత్రం లేనిదే గిడుగు వాదం అంత దూరం పోయేది కాదు. అసలు ప్రశ్న యాజమాన్యానిది. ప్రజల మాటలను ముడిసరుకుగా తీసుకుని, ఏది సరైన తెలుగో కొద్ది కంపెనీలు నిర్ణయించవచ్చునా? యంత్రం రాసిచ్చిన వాక్యాన్ని అప్పజెప్పే విద్యార్థి తన ఇంటి మాటతో ఆలోచించే అలవాటునే పోగొట్టుకుంటాడు. అతన్ని నిందించే ముందు, ఆ ఇంటి మాటను ఎర్రసిరాతో కొట్టివేయడం ఉపాధ్యాయులమైన మనం మానాలి.