ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి: ఒక ప్రమాణ విచారం

కారు ఇంజిన్ ఆయిల్ ఎన్నాళ్లకు మార్చాలన్న ప్రశ్నకు అడిగిన చోటల్లా ఒక జవాబు దొరుకుతుంది. అయిదు వేలు దాటితే మార్చెయ్యాల్సిందేనని షెడ్డులో మెకానిక్ అంటాడు. భారత్‌లో అమ్మే చాలా పెట్రోలు కార్ల మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. పక్కింటాయన తన అనుభవం చెబుతాడు. డిప్‌స్టిక్ లాగి చూసిన యజమానికి ఆయిల్ నల్లగా కనబడి, ఇక ఆలస్యం చేయకూడదనిపిస్తుంది. వీటిలో ఏ మాట నమ్మాలి, ఏ ఆధారంతో నమ్మాలి అన్నది మరమ్మతు పనికి మించిన ప్రశ్న. ఒక సంగతి నిజమని తేల్చుకోవడానికి సరైన సాధనం ఏదని అడగడమే ప్రమాణ విచారం. గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెప్పాయి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈ నాలుగింటినీ చిన్న పుస్తకంలో ఇమిడ్చింది. తర్కం నేర్చుకునేవారికి ఇప్పటికీ అదే మొదటి పాఠం. ఆయిల్ ప్రశ్నను ఆ వరసలోనే పరిశీలిస్తే, ఏ జవాబుకు ఎంత బలం ఉందో తేలుతుంది.

ప్రమేయం: ఆయిల్ చెడడమంటే ఏమిటి

ప్రమాణం సంగతికి ముందు ప్రమేయం, అంటే తెలుసుకోవలసిన విషయం ఏదో స్పష్టం కావాలి. ఇంజిన్ ఆయిల్ ఒకే పదార్థం కాదు. అందులో ఎక్కువ భాగం మూల తైలం. మిగిలినది దానిలో కలిపిన రసాయనాలు. మసిని, జిడ్డును కడిగేది ఒకటి. కడిగిన మసి ముద్ద కట్టకుండా తైలంలోనే తేలేలా చూసేది మరొకటి. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచే క్షారాలు, లోహం లోహంతో ఒరుసుకోకుండా పొర కట్టే జింకు సమ్మేళనాలు, గాలిలోని ఆక్సిజన్‌తో తైలం కలిసిపోకుండా ఆపేవి కూడా ఉంటాయి.

వాడకంలో ముందుగా తరిగిపోయేవి ఈ రసాయనాలే. వేడికి తైలం ఆక్సీకరణం చెందుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రవేత్తలు లెక్క వేసుకుంటారు. సిలిండర్ నుంచి పిస్టన్ రింగుల సందుల్లోంచి మసి, నీటి ఆవిరి, మండని పెట్రోలు కిందికి దిగి ఆయిల్‌లో చేరతాయి. ఇంజిన్ బాగా వేడెక్కితే నీరూ పెట్రోలూ ఆవిరై బయటికి పోతాయి. కారు రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోతే అవి లోపలే మిగిలిపోతాయి. కాబట్టి రసాయనాల శక్తి తరిగిపోయి, చేరిన మలినం మోయలేని స్థితికి వచ్చినప్పుడు ఆయిల్ చెడిందని చెప్పాలి. ఈ స్థితి ఒక్క రోజులో రాదు. 9,999వ కిలోమీటరు దాకా బాగున్న ఆయిల్ ఆ తరవాతి కిలోమీటరులో హఠాత్తుగా చెడదు. క్రమంగా జరిగే మార్పులో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కనుక గీసిన గీతే ఈ 10,000.

ప్రత్యక్షం

కంటికి కనబడిందే ప్రమాణమనీ మిగిలినవి నమ్మదగినవి కావనీ వాదించినవారు చార్వాకులు. ఆయిల్ విషయంలో ఈ మతం చాలామందికి సహజంగానే నచ్చుతుంది. కారును చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ అడుగుదాకా దించి తీస్తే, కొసన ఉన్న రెండు గుర్తుల మధ్య ఆయిల్ ఎంతదాకా ఉందో కనబడుతుంది. మట్టం ఎంతుందో చెప్పడంలో ప్రత్యక్షానికి తిరుగులేదు. ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే నీరో కూలెంటో కలిసిందని ఆ కొసే చెబుతుంది. పెట్రోలు వాసన కొడుతూ, పోయకుండానే మట్టం పెరిగి ఉంటే ఇంధనం దిగుతోందన్నమాట.

అయితే ప్రత్యక్షానికి ఒక హద్దు ఉంది. ఇంద్రియానికీ వస్తువుకూ సంబంధం ఏర్పడినప్పుడు పుట్టేదే ప్రత్యక్ష జ్ఞానమని న్యాయశాస్త్రం నిర్వచనం. కంటికి రంగుతో సంబంధం ఉంటుంది, క్షార శక్తితో ఉండదు. వేలికి జిడ్డు తగులుతుంది, ఆక్సీకరణం తగలదు. ‘ఆయిల్ నల్లగా ఉంది’ అనేంతవరకే ప్రత్యక్షం. ‘ఆయిల్ చెడింది’ అనగానే చూసినవాడు తెలియకుండానే అనుమానంలోకి, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడంలోకి, అడుగుపెట్టాడు. కాబట్టి అతని మాటను అనుమాన నియమాలతోనే పరీక్షించాలి.

అనుమానం

నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, అనుమాన వాక్యాన్ని అయిదు అవయవాలుగా విడదీస్తారు. ఈ ఆయిల్ చెడింది అన్నది ప్రతిజ్ఞ. నల్లగా ఉంది కనుక అన్నది హేతువు. నల్లనిదల్లా చెడినదే, కిందటిసారి మార్చిన ఆయిల్ లాగా అన్నది ఉదాహరణ. ఇదీ అలాగే నల్లగా ఉంది అన్నది ఉపనయం. కనుక ఇదీ చెడింది అన్నది నిగమనం. వాక్యం చక్కగా అమరింది, హేతువే నిలవదు. డీజిల్ కారులో కొత్త ఆయిల్ పోసిన కొద్ది వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. అది చెడినందుకు కాదు, మసిని కడిగి తనలో తేలగట్టుకుంటున్నందుకు. అంటే తన పని తాను చేస్తున్నందుకే నల్లబడింది. మరోవైపు సీఎన్‌జీతో నడిచే ఇంజిన్‌లో మసి తక్కువ. అక్కడ రసాయనాలు అరిగిపోయిన ఆయిల్ కూడా చూపుకు తేటగానే ఉండవచ్చు. నలుపు ఉన్నచోట చెడు లేకపోవచ్చు, చెడు ఉన్నచోట నలుపు లేకపోవచ్చు. సాధ్యాన్ని, అంటే రుజువు చేయదలచినదాన్ని, వదిలి తిరిగే ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటారు. అయిదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో, ఇది మొదటిది.

కిలోమీటర్లను హేతువు చేస్తే పరిస్థితి కొంత మెరుగు. కానీ అక్కడా ఉపాధి అనే దోషం ఉంది. నిప్పు ఉంది కనుక పొగ ఉందనడం తప్పని తర్కసంగ్రహం చూపుతుంది. పచ్చి కట్టె తోడైతేనే నిప్పునుంచి పొగ వస్తుంది. అలా తోడు కావలసిన షరతే ఉపాధి, ఇక్కడ పచ్చి కట్టె. ఆయిల్ చెడినచోటల్లా వేడి, మసి, తేమ, పెట్రోలు కలిసి రసాయనాలను తినేసి ఉంటాయి. 10,000 కిలోమీటర్లు తిరిగినచోటల్లా అవి అంత పని చేసి ఉండవు. గంటకు సగటున 70 కిలోమీటర్ల వేగంతో హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే కారులో 10,000 కిలోమీటర్లంటే సుమారు 143 గంటల ఇంజిన్ పని. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సగటున 20 కిలోమీటర్ల వేగంతో నగరంలోనే తిరిగే కారుకు అదే దూరం 500 గంటలు. మీటరు చూపే అంకె ఒకటే అయినా ఆయిల్ పడిన పాటు ఒకటి కాదు.

ఉపాధిని తొలగించే ప్రయత్నం వాహన పరిశ్రమలోనూ జరిగింది. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షిర్లీ ష్వార్ట్జ్, ఆయిల్ ఆయుష్షును గణించే పద్ధతి రూపకల్పనలో ముఖ్య పాత్ర వహించారు. 1988లో ఆ సంస్థ తన ఓల్డ్స్‌మొబైల్ కార్లతో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇది ఆయిల్‌ను ముట్టుకోదు, రుచి చూడదు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడి మీద తిరిగింది అన్నది కూడబెట్టి మిగిలిన ఆయుష్షును శాతంగా చూపుతుంది. కిలోమీటర్ల కంటే ఇది సాధ్యానికి దగ్గరైన హేతువు. ప్రయోగశాల పరీక్ష ఇంకా దగ్గరిది. ఆయిల్‌లో ఇనుము ఎక్కువైతే ఇంజిన్ అరుగుతోందని, సిలికాన్ ఎక్కువైతే దుమ్ము చేరుతోందని, క్షార సంఖ్య పడిపోతే రసాయనాలు తరిగాయని అది చెబుతుంది.

తక్కువ ఖర్చులో ఒక పరీక్ష ఉంది. వేడి ఆయిల్ చుక్క ఒకటి వడపోత కాగితం మీద వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచుతారు. మచ్చ బూడిద రంగులో మధ్య నుంచి అంచుదాకా సమంగా పాకితే మసిని తేలగట్టే శక్తి ఇంకా ఉన్నట్టు. నడుమ నల్లటి ముద్ద గట్టి అంచుతో నిలిచిపోయి, చుట్టూ తేటనూనె వలయం మాత్రమే విస్తరిస్తే ఆ శక్తి అయిపోయినట్టు. ఇక్కడా చూస్తున్నది నలుపునే. అయితే హేతువు నలుపు కాదు, నలుపు పాకిన తీరు. క్షార శక్తి గురించి మాత్రం ఈ మచ్చ అంతగా చెప్పలేదు.

ఉపమానం

ఎన్నడూ చూడని వస్తువును, తెలిసిన వస్తువుతో పోలిక విని గుర్తుపట్టడం ఉపమానం. గవయమనే జంతువు ఆవులా ఉంటుందని విన్నవాడు అడవిలో దాన్ని చూసి పేరు తెలుసుకోవడం దీనికి వాడుకలో ఉన్న ఉదాహరణ. ఈ ప్రమాణం పని పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధం తెలపడమే. పక్కింటి కారు 15,000 దాకా బాగానే నడిచింది కనుక ఈ కారూ నడుస్తుందనడం ఉపమానం కాదు, వ్యాప్తి, అంటే హేతువుకూ సాధ్యానికీ విడదీయరాని సంబంధం, లేని అనుమానం. ఇంజిన్ వేరు, తిరిగే దారి వేరు, పోసిన ఆయిల్ వేరు.

శబ్దం

మిగిలింది శబ్దం, అంటే ఆప్తవాక్యం. ఆప్తుడు ఎవరన్నదానికి న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇచ్చిన లక్షణం గొప్పది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో మాట్లాడేవాడే ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనని ఆయన స్పష్టంగా చెప్పాడు. కులం, హోదా, భాష ఆప్తత్వానికి ఆధారాలు కావు.

ఈ కొలతతో చూస్తే మెకానిక్ మాటను ఒక్క మాటతో తోసెయ్యలేం. ఇంజిన్లు విప్పి, లోపల పేరుకున్న జిడ్డును చేత్తో తీసినవాడు అతడు. అయితే అతని జ్ఞానంలో కొంత పాత తరం ఇంజిన్లది కావచ్చు. అమెరికాలో 3,000 మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. కార్బురేటర్లు, మినరల్ ఆయిల్ ఉన్న రోజుల్లో అందులో అర్థం ఉంది. ఇంధనాన్ని కచ్చితంగా కొలిచి చిమ్మే ఇంజిన్లు, సింథటిక్ ఆయిళ్లు వచ్చాక ఆ అంకెకు పాత ఆధారం పోయింది. పైగా ఆయిల్ అమ్మకం మీద ఆదాయం ఉన్నవాడు చెప్పే గడువులో రెండో షరతు, అంటే ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక, కొంచెం సడలే వీలుంది. తయారీదారు ఆ ఇంజిన్‌ను నెలల తరబడి పరీక్షించినవాడు, వారంటీ కాలంలో పాడైతే బాగుచేయాల్సినవాడు. కనుక మొదటి షరతులో అతనికి సాటి లేదు. నిర్వహణ ఖర్చు తక్కువని ప్రచారం చేసుకోవడానికి గడువు సాగదీసే ఆశ అతనికీ ఉండవచ్చు. కానీ వారంటీ భారం ఆ ఆశకు కళ్లెం వేస్తుంది.

ఆప్తుడు దొరికితే సరిపోదు, అతని వాక్యాన్ని పూర్తిగా చదవాలి. వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని తర్కసంగ్రహం చెబుతుంది. ఇక్కడ పనికొచ్చేది వీటిలో మొదటిది. ఆకాంక్ష అంటే ఒక మాట అర్థం పూర్తి కావడానికి మరో మాట అవసరపడడం. మాన్యువల్‌లో 10,000 అన్న అంకె ఒంటరిగా ఉండదు. దాని పక్కనే ‘లేదా ఏడాది’ అని ఉంటుంది. సాధారణంగా దాని కిందో, వెనక పేజీలోనో కఠిన పరిస్థితుల పట్టిక ఉంటుంది: దుమ్ము రోడ్లు, తరచూ చిన్న దూరాలు, గంటల తరబడి ఆగి నడిచే ట్రాఫిక్, అధిక బరువు. వీటిలో ఏది వర్తించినా గడువు తగ్గించమని అందులో రాసి ఉంటుంది. నగరంలో తిరిగే కార్లలో చాలావాటికి ఈ పట్టికే వర్తిస్తుంది. పట్టిక వదిలి అంకె ఒక్కటే పట్టుకున్నవాడు చదివింది సగం వాక్యమే.

ప్రామాణ్యం ఎలా తెలుస్తుంది

ఒక జ్ఞానం సరైనదని ఎలా నిర్ధారించుకోవాలన్న చోట రెండు దర్శనాలు విడిపోతాయి. ఫలితాన్ని బట్టి తెలుస్తుందని నైయాయికులంటారు. నీళ్లనుకుని వెళ్లినవాడి దాహం తీరితే అది నీళ్లే, తీరకపోతే ఎండమావి. ఆయిల్ విషయంలో ఈ పరీక్షకు చిక్కు ఉంది. గడువు దాటించిన ఫలితం అరిగిన బేరింగులుగా, పేరుకున్న జిడ్డుగా బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి. అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. అటువైపు, అయిదు వేలకే మార్చిన కారు రెండు లక్షల కిలోమీటర్లు నడిచినంత మాత్రాన ఆ గడువు తప్పనిసరి అని రుజువు కాదు. అది అన్వయం, అంటే రెండూ కలిసి కనబడడం, మాత్రమే. మార్చకపోతే పాడైందన్న వ్యతిరేకం కూడా చూపితేనే కారణం నిలుస్తుంది.

మీమాంసకులది వేరే దారి. జ్ఞానం స్వతహాగా ప్రమాణమే, దాన్ని కాదనే బాధకం ఎదురయ్యేదాకా నమ్మవచ్చునని కుమారిల భట్టు సంప్రదాయం చెబుతుంది. ఫలితం ఆలస్యంగా తెలిసే పనుల్లో ఈ పద్ధతే నడుస్తుంది. మాన్యువల్ వాక్యాన్ని నమ్మి నడుచుకోవాలి, బాధకాల కోసం కళ్లు తెరిచి ఉండాలి. తగ్గిన మట్టం, తెల్లబారిన ఆయిల్, పెట్రోలు వాసన, డాష్‌బోర్డు మీద వెలిగే ఆయిల్ ఎర్రదీపం ఆ బాధకాలు.

భయంతో తొందరగా మార్చడం కూడా నిర్దోషం కాదు. ఒక్కో మార్పుకు బయటికి వచ్చే మూడు నాలుగు లీటర్ల పాత ఆయిల్ భారత చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. అవసరం లేని మార్పు డబ్బు దండగ మాత్రమే కాదు, ఇతరుల నీటికి హాని.

కాబట్టి నాలుగు ప్రమాణాల్లో ఈ ప్రశ్నకు మొదట నిలిచేది శబ్దమే, అదీ పూర్తిగా చదివిన శబ్దం. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్‌ను అది చెప్పిన గడువుకు మార్చాలి. తిరుగుడు కఠినమైతే ఆ పట్టికలోని తక్కువ గడువుకే మార్చాలి. కిలోమీటర్లు నిండకపోయినా కాలం నిండితే మార్చాలి. మట్టం మాత్రం నెలకోసారి డిప్‌స్టిక్‌తో చూసుకోవాలి. రంగు చూసి తీర్పు చెప్పకూడదు.